లాండ్రీ పెద్దాయన ఫోటో

"ముందు నా కెమెరా ఏం చేశారో చెప్పండి. టీ తర్వాత తాగుదురుగాని."

కప్పు అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. పొద్దున్న ఆరున్నరకి కళ్లు నులుముకుంటూ వంటగదిలోకి వచ్చిన మొగుడికి ఇంతకంటే మెత్తని పలకరింపు దొరికే రోజు కాదది. భోజనాల బల్ల మీద నిన్న సాయంత్రం ఆయన మోసుకొచ్చిన నల్లపెట్టె అలాగే ఉంది, ఎర్ర రిబ్బనుతో సహా. ఆమె దాన్ని నిన్ననే విప్పింది. లోపలున్నది చూసి, మాటా పలుకూ లేకుండా, మళ్లీ అదే రిబ్బను అలాగే కట్టి పెట్టేసింది.

"కొత్తది తెచ్చానుగా," అన్నాడాయన.

"నేనడిగింది పాతది."

"ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేశానని చెప్పాను కదే."

"లెన్సు?"

"దానికి తగిలించే ఉంది కదా, దాంతోపాటే ఇచ్చేశాను. చూడ్డానికి బొటనవేలంత ఉంది, దానికి అంత ఇదేంటి?"

ఆమె గ్యాసు పొయ్యి కట్టేసింది. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. మామూలుగా అయితే ఇలాంటి సందర్భంలో ఆవిడ ఏదో ఒక పక్షం చేరుతుంది. ఇవాళ ఎటు చేరాలో ఇంకా తేల్చుకోలేదు.

"ఆ బొటనవేలంత లెన్సుతోనే గోడకి పెట్టే ఫోటోలన్నీ తీశాను," అంది ఆమె. "ఒక్కటి మిగిలింది. రేపు తీయాలి. దేంతో తీయను?"

రేపంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తుంది. ఏడేళ్లుగా ఫోటోల పిచ్చి పట్టుకుంది. హాస్పిటల్ కొత్త భవనంలో పొడవాటి వరండా గోడ ఒకటి ఖాళీగా ఉంటే, అక్కడ పనిచేసేవాళ్ల ఫోటోలు పెడదామని సూపరింటెండెంటు ఆమెకే అప్పగించాడు. స్ట్రెచర్లు తోసేవాళ్లు, ఆయాలు, వంటవాళ్లు, మందుల స్టోరు గుమాస్తా, అందరినీ తీసింది. లాండ్రీ పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ముప్ఫై ఆరేళ్లు ఆ హాస్పిటల్ దుప్పట్లన్నీ ఉతికిన మనిషి. అక్కడి ఆల్బంలు ఎంత వెతికినా ఆయన మొహం ఒక్కదాంట్లోనూ లేదు. మూడుసార్లు వెళ్లి అడిగితే మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు. పోయిన వారం మాత్రం, "శుక్రవారం నా ఆఖరి రోజమ్మా. అప్పుడు చూద్దాం," అన్నాడు. సోమవారం ఆ ఫోటోల గోడని ప్రారంభిస్తారు. రేపు తప్పితే ఆయన ఇంటికెళ్లిపోతాడు, ఆ గోడ మీద ఆయన చోటు బోసిగా ఉండిపోతుంది.

"కొత్తదాంతో తియ్యి," అన్నాడు మొగుడు. "రెండు లెన్సులిచ్చాడు. దగ్గరివీ పడతాయి, దూరంవీ పడతాయి."

"అన్నీ పడతాయి, వెలుతురు తప్ప. ఆ లాండ్రీ గదికి ఒకటే కిటికీ, అదీ పైకప్పు కింద. మీరు తెచ్చిన జూములు ఎండలో బొమ్మలు తీసుకోవడానికి. నాది చీకట్లో కూడా ఉన్న కాస్త వెలుతురూ లాక్కునే లెన్సు. పోనీ ఈ కొత్త కెమెరా బాడీకి అదైనా పెట్టుకుందామంటే, దీనికి అది పట్టదు."

"పట్టదా?" ఆయన మొహంలో రంగు మారింది. "ఏ లెన్సైనా ఏ కెమెరాకైనా పడుతుందనుకున్నానే."

"మీరు లిఫ్టులు రిపేరు చేసే మనిషి కదా. ఒక కంపెనీ లిఫ్టు తలుపు ఇంకో కంపెనీ లిఫ్టుకి పడుతుందా?"

"పట్టదు," అన్నాడాయన. అబద్ధమాడటం చేతకాని మనిషి, పాపం.

"మరి?"

"మరేముంది, ఆరుగురు ఎక్కే లిఫ్టుకి అరవైమందిని మోసే తాడు వేస్తాం మేము. బరువెంతో దానికి పదింతలు ఉండాలి, మా పనిలో అదే పాఠం. నువ్వేమో ఇంత పెద్ద గోడ పని పెట్టుకున్నావు, చేతిలో చూస్తే ఆ చిన్న డొక్కు కెమెరా. పైకి చెప్పకపోయినా నీకూ కొత్తది కావాలని ఉంటుందనుకున్నాను. షాపులో ఉన్నవాటిల్లో పెద్దది ఏదంటే అది తెచ్చాను."

"గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు మావాడు," అంది అత్తగారు, కళ్లజోడు పెట్టుకుంటూ. పక్షం తేలిపోయింది.

"నువ్వూరుకోమ్మా."

"నేనెందుకు ఊరుకోవాలిరా? చిన్నప్పుడు నా కుట్టుమిషను పాతదైపోయిందని రంగు వేశావు గుర్తుందా? చక్రంతో సహా అతుక్కుపోయింది."

మామూలుగా అయితే ఆమెకి నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

"ఒక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను. వద్దనడానికి కూడా నాకు వీల్లేకుండా చేశారు." ఆమె కళ్లు నిండాయి. ఏడేళ్లలో ఆ కెమెరా ఒక్కటే ఆమె ఎవర్నీ అడక్కుండా, ఎవరి అవసరమూ చూడకుండా తనకోసం తాను కొనుక్కున్న వస్తువు. ఆ సంగతి మొగుడికి చెప్పకుండానే బ్యాగు తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

టీ అలాగే చల్లారిపోయింది. ఆయన తాగలేదు, అడగనూలేదు.

*

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి బయటికొస్తే, హాస్పిటల్ గేటు దగ్గర మొగుడు నిలబడి ఉన్నాడు. నల్లపెట్టె చంకలో ఉంది. పని చేసే చోట సగం రోజు సెలవు పెట్టి వచ్చానన్నాడు. షాపు దాకా ఇద్దరూ నాలుగడుగుల ఎడంలో నడిచారు.

కెమెరా షాపు ఇరుకైన వీధిలో, కళ్లజోళ్ల దుకాణానికీ తాళాలు చేసేవాడికీ మధ్య ఉంది. గాజు బీరువాల నిండా పాత కెమెరాలు. షాపాయన నుదుటి మీద భూతద్దం పైకి తోసుకుని, వీళ్లని చూడగానే సంగతి పసిగట్టాడు.

"మీ బాడీ ఇక్కడే ఉందమ్మా. లెన్సు మాత్రం పొద్దున్నే అమ్ముడైపోయింది. బొమ్మలేసే అమ్మాయొకతి తీసుకెళ్లింది."

ఆమె బల్ల మీదికి వంగింది. "ఫోన్ చేసి అడగలేరా? తిరిగి ఇమ్మని?"

"అడగొచ్చు," అన్నాడాయన నసుగుతూ. "కానీ ఆ పిల్ల రెండు నెలల్నుంచీ అలాంటిదానికోసం తిరుగుతోంది. కంటికి పెట్టుకుని చూసి, గట్టిగా నవ్వేసింది. వీధి చివరిదాకా నవ్వుతూనే పోయింది."

ఆమె బీరువా గాజుకేసి చూసింది. తను ఆ లెన్సు కొన్న రోజు ఏం చేసిందో గుర్తొచ్చింది. బస్సులో కూర్చుని పక్కావిడ చెవికమ్మని ఫోటో తీసి, తిట్లు తింది.

"వద్దులెండి. అడక్కండి," అంది.

షాపాయన ఊపిరి పీల్చుకుని, బల్ల మీద వస్తువులు పేర్చాడు. ఒక పక్క ఆమె పాత బాడీ, దానికి సరిపోయే, పోయినదాని లాంటిదే ఇంకో యాభై ఎం.ఎం. లెన్సు. కాస్త గీతలు పడ్డాయి కానీ పనిచేస్తుంది. ఇంకో పక్క మొగుడు తెచ్చిన కొత్త బాడీ. ఆ రెండు జూములూ తిరిగిచ్చేస్తే, వాటి బదులు దానికి ముప్ఫై అయిదు ఎం.ఎం. లెన్సు ఒకటి ఇస్తానన్నాడు. "ఇదీ చీకటికి భయపడేది కాదమ్మా. ఏదో ఒకటే. రేపు సాయంత్రం షాపు మూసేలోపు తేల్చండి."

"లోపల మీ స్టోర్‌రూము ఉందిగా. లైటు తీసేయండి," అంది ఆమె.

అట్టపెట్టెల మధ్య స్టూలు వేసి మొగుణ్ణి కూర్చోబెట్టింది. తలుపు సందులోంచి వచ్చే వెలుతురు తప్ప ఇంకేం లేదు. ముందు పాత బాడీ కంటికి పెట్టుకుంది. అరచేతిలో అలవాటుగా ఒదిగిపోయింది.

"గట్టిగా ఊపిరి పీల్చండి. బిగపట్టండి."

నోటి అలవాటు. పందొమ్మిదేళ్లుగా రోజుకి యాభైమందికి చెప్పే మాట. మొగుడు బుద్ధిమంతుడిలా ఛాతీ పొంగించి, బుగ్గలు పూరించి కూర్చున్నాడు. క్లిక్కుమంది.

"ఇక వదలొచ్చా?"

"వదలండి. ఎవరు బిగపట్టమన్నారు?"

"నువ్వేగా!"

షాపాయన దగ్గినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు.

తర్వాత కొత్త బాడీ. బరువు, ఇటిక ఎత్తినట్టుంది. రెండు కెమెరాల చిన్న తెరలూ పక్కపక్కన పెట్టి ఫోటోలు చూసుకుంది. పాతదాంట్లో చీకటి పడ్డ చోటల్లా ఇసక చల్లినట్టుంది. కొత్తదాంట్లో మొగుడి కనుబొమ్మల్లో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కళ్ల కింద నలుపు కూడా కనిపిస్తోంది. ఈ మనిషి నిన్న రాత్రి నిద్రపోలేదని ఫోటో చూసేదాకా ఆమె గమనించలేదు.

"బాగుందా?" అన్నాడాయన భయం భయంగా.

ఒప్పుకోవడం ఎంత కష్టమో చూడండి. నిన్నట్నుంచీ తిట్టిన నోరు.

"ఉంది," అంది, పళ్ల మధ్య నుంచి.

"నిజంగానా?"

"ఉందన్నానుగా. పదిసార్లు చెప్పించుకోకండి." మళ్లీ తెరకేసి చూసి, మొహం చిట్లించింది. "కానీ మీతోపాటు ఈ అట్టపెట్టెలన్నీ పడ్డాయేంటి? యాభైకి ఇదే దూరంలో మొహం ఒక్కటే వచ్చేది."

"దీనికి ఇంకా దగ్గరికెళ్లాలమ్మా," అన్నాడు షాపాయన. "ఇంకో రెండడుగులు. మొహమాటం ఉన్నవాళ్లకి ముప్ఫై అయిదు పనికిరాదు."

ఆ మాట సూటిగా తగిలింది. ఆమెకి మొహమాటం లేకపోలేదు, అంతకుమించి ఇంకో అలవాటుంది. ఎక్స్‌రే గదిలో మనిషిని నిలబెట్టి, తాను సీసపు గోడ వెనక్కి వెళ్లిపోయి బటన్ నొక్కడం. పందొమ్మిదేళ్లు అదే పని. లాండ్రీ పెద్దాయన దగ్గరికి వెళ్లిన మూడుసార్లూ ఆమె గది గడప దాటలేదు. గుమ్మంలో నిలబడి కెమెరా ఎత్తింది. ఆయన తల అడ్డంగా ఊపింది కెమెరాని చూసా, గుమ్మంలో ఆగిపోయిన మనిషిని చూసా?

ఆమె రెండడుగులు ముందుకేసింది. మోకాలు మొగుడి మోకాలికి తగిలింది. ఆయన తలెత్తి చూశాడు.

"తప్పయిపోయింది," అన్నాడు నెమ్మదిగా, షాపాయనకి వినపడకుండా.

"ఏది తప్పు?"

"నిన్నడక్కపోవడం."

"ఇంకా?"

"ఇంకా కూడా ఉందా?"

ఈసారి ఆమెకి నవ్వు ఆగలేదు. క్లిక్కుమంది. ఆ ఫోటో మాత్రం ఆయనకి చూపించలేదు.

"రేపటికి ఇది తీసుకెళ్తాను," అంది షాపాయనతో. "తేల్చేది రేపు సాయంత్రం."

*

శుక్రవారం పదకొండింటికి లాండ్రీ గదిలో అడుగుపెట్టింది. వెనకే మొగుడు, సంచీ మోస్తూ. ఇవాళ పూర్తి సెలవట.

గదిలో ఆవిరి కమ్ముకుని ఉంది. రెండు పెద్ద ఉతికే డ్రమ్ములు గిర్రున తిరుగుతున్నాయి. బల్లల మీద తెల్ల దుప్పట్లు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. పెద్దాయన వాటి మధ్యలోంచి ఇవతలికి వచ్చాడు. ఆమె గతుక్కుమంది.

చలవ చేసిన తెల్లచొక్కా, పొడుగు చేతులు, మెడ దాకా బొత్తాలు. తల నున్నగా దువ్వుకున్నాడు. ఆమె మనసులో వారం రోజులుగా వేసుకున్న బొమ్మ ఇది కాదు. మోచేతుల దాకా నురగ, వంటికి అంటుకుపోయిన నీలం పనిచొక్కా, వెనక డ్రమ్ము, అదీ ఆమె బొమ్మ. గోడ మీద మిగతావాళ్లంతా పనిలోనే ఉన్నారు.

"ఇవాళైతే తీయించుకుంటానమ్మా," అన్నాడు పెద్దాయన. "త్వరగా కానిచ్చేయండి. పన్నెండింటికి పైన మీటింగంట, దండ వేస్తారంట."

ఆమె కెమెరా ఎత్తింది. అంతా తెల్లగా, మసక. ఎక్స్‌రే గది ఏసీ చలిలోంచి ఈ వేడిలోకి వచ్చేసరికి లెన్సు అద్దం నిండా ఆవిరి పట్టేసింది. గుడ్డతో తుడిచింది, మళ్లీ పట్టింది.

"అద్దం వేడెక్కేదాకా ఆగాలి," అంది సిగ్గుపడుతూ. "పావుగంట పడుతుంది."

"ఆగుదాం. దుప్పటి ఆరేదాకా ఆగేవాణ్ణి, నాకిదో లెక్కా?" స్టూలు జరిపాడాయన. "కూర్చోండి. మీరు లోపలికి రావడం ఇదే మొదటిసారి."

అలా అంటాడని ఆమె అనుకోలేదు. కూర్చుంది. అడగాలనుకున్నదే అడిగేసింది.

"ఇన్నేళ్లలో ఒక్క గ్రూపు ఫోటోలోనూ లేరేం?"

పెద్దాయన డ్రమ్ముకేసి చూశాడు. "మొదటి ఏడాది వెళ్లానమ్మా. ఫోటో అని పిలిస్తే పని వదిలేసి పరిగెత్తాను. మెట్ల మీద అందరూ నిలబడి ఉన్నారు. నేనూ ఓ చివర నిలబడ్డాను. అప్పటి ఆఫీసరు చూసి, 'ఆ తడిచొక్కా ఎవరు, పక్కకి జరగమనండి' అన్నాడు. జరిగాను." చేతులు రెండూ తెల్లచొక్కా మీద రాసుకున్నాడు. "అంతే. తర్వాత ఆయన బదిలీ అయిపోయాడు. ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్లలేదు. ఈ చొక్కా ఇవాళ్టికోసమే కుట్టించుకున్నాను."

డ్రమ్ములు తిరుగుతున్నాయి. మొగుడు తలవంచుకుని సంచీ జిప్పు సర్దుతున్నాడు. ఇంకాసేపుంటే ఆయనే ముందు ఏడ్చేస్తాడు.

పనిచొక్కా వేసుకోమని చెప్పాలని గదిలోకి రాగానే ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు దాన్ని మింగేసింది. అడక్కుండా నిర్ణయించడం ఎంత బాధపెడుతుందో నిన్ననే కదా ఆమె చవిచూసింది.

అద్దం తేటపడింది.

"ఏమండీ, ఆ దుప్పటి ఒకటి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు ఆయన మొహం మీదికి తిరగాలి."

మొగుడు చేతులు బార్లా చాచి దుప్పటి పట్టుకున్నాడు. ఆమె పెద్దాయన దగ్గరికి నడిచింది. ఇంకో అడుగు. ఇంకొకటి. ఊపిరి బిగపట్టమని చెప్పలేదు. "ఇంట్లో ఎవరు కుట్టారీ చొక్కా?" అని అడిగింది. "మా కోడలు," అన్నాడాయన, మొహం విప్పారింది. క్లిక్కుమంది.

తెర తిప్పి చూపించింది. పెద్దాయన చాలాసేపు చూశాడు.

"నా చెవులు ఇంత పెద్దవా?"

"పెద్దవే," అన్నాడు మొగుడు దుప్పటి వెనక నుంచి. ముగ్గురూ నవ్వారు.

బరువో ఇటికో, ఈ కెమెరా గురించి సాయంత్రం షాపులో ఏం చెప్పాలో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. ఆ మాట మొగుడికి ఇప్పుడప్పుడే చెప్పకూడదనుకుంది.

పెద్దాయన ఇంకా తెరకేసే చూస్తున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, పై బొత్తాం విప్పాడు.

"ఇది ఇంటికి, అమ్మా. మా కోడలికిస్తాను. గోడకి ఇది వద్దు."

"మరి?"

"ఈ చొక్కాలో నన్ను గోడకెక్కిస్తే, ఇతనెవరో పెళ్లికొచ్చాడనుకుంటారు. నేనెవరో వాళ్లకి తెలియొద్దూ? పొద్దున విప్పిన పనిచొక్కా లోపల తొట్టిలోనే ఉంది. ఉండండి, తొడుక్కొస్తాను."

ఆమె నోరు విప్పేలోపే ఆయన లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అప్పుడే ఆమె ఫోను మోగింది. ఆఫీసు గుమాస్తా.

"పెద్దాయన అక్కడే ఉన్నాడా? మీటింగుకి ముందు గ్రూపు ఫోటోకి అందరూ మెట్ల మీద నిలబడి ఉన్నారు. సూపరింటెండెంటుగారు తొందరపడుతున్నారు. వెంటనే పంపించండి."

"నిలబడే ఉండమనండి," అంది ఆమె. "చొక్కా మార్చుకుంటున్నారు. వస్తారు."

"ఇప్పుడు చొక్కా మార్చుకోవడమేంటి? పొద్దున తెల్లచొక్కాలో చూశానే, బాగానే ఉందిగా! ఇంకేం చొక్కా?"

"పనిచొక్కా. తడిగా ఉంటుంది," అంది ఆమె. "మధ్యలో చోటుంచండి."